తెలుగు ఫాంటు డెబియన్‌లోకి ఎలా చేరుతుంది, ఎక్కడ ఆగిపోతుంది

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ లాంటి ఊళ్లలో డీటీపీ పని చేసే కంప్యూటరు మీద మూడు లిపులు నడుస్తాయి. పంచాయతీ కాగితం ఒడియాలో వస్తుంది. శుభలేఖ తెలుగులో కావాలంటారు. బ్యాంకు ఫారం ఇంగ్లీషులో ఉంటుంది. అటు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచలో ఒడియా బదులు మరాఠీ, మిగతాదంతా ఇదే తీరు. అలాంటి కంప్యూటరులో డెబియన్ అనే ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నవాళ్లకు మూడు లిపులూ చక్కగా కనిపించాలంటే ఫాంట్లు, కీబోర్డు పట్టికలు, అక్షరాలను పేర్చే లైబ్రరీ, స్పెల్లింగు నిఘంటువు అన్నీ ప్యాకేజీలుగా (ఇన్‌స్టాల్ చేసుకోవడానికి వీలైన మూటలుగా) తయారై సిద్ధంగా ఉండాలి. వాటిని చూసుకునేది ఎక్కువగా జీతం లేని స్వచ్ఛంద మెయింటెయినర్లు. భారతీయ లిపుల ప్యాకేజీల విషయంలో కోడు రాసేవాళ్లు ఎలాగోలా దొరుకుతారు. తెర మీద వత్తు తప్పుగా పడిందని చూడగానే పట్టుకుని, ఆ తప్పు ఎక్కడ పుట్టిందో తేల్చి, సరైన చోటికి చేర్చగలిగేవాళ్లే దొరకడం లేదు. రెండు లిపులు చిన్నప్పటి నుంచే చదివే సరిహద్దు జిల్లాల వాళ్లకు ఈ పని మిగతా అందరికంటే బాగా వచ్చు.

ఇయన్ మర్డాక్ 1993లో మొదలుపెట్టిన డెబియన్ 2025 ఆగస్టు 9న 13వ విడుదల ఇచ్చింది. దాని పేరు ట్రిక్సీ. అందులో ఉన్న ప్యాకేజీలు 69,830. నేరుగా అప్‌లోడ్ చేసే హక్కున్న డెవలపర్లు మాత్రం సుమారు వెయ్యి మంది. ఎవరినీ ఏ పనీ చేయమని బలవంతపెట్టే అధికారం ఎవరికీ లేదని డెబియన్ రాజ్యాంగంలోనే రాసుకున్నారు. కాబట్టి ఒక ప్యాకేజీ బాగుండాలంటే అది బాగుండాలని కోరుకునే మనిషి ఒకరు ఉండి తీరాలి. సర్వర్లలో వాడే ప్యాకేజీలకు కంపెనీలు డబ్బిచ్చి మనుషుల్ని పెడతాయి. తెలుగు ఫాంటుకు అలా పెట్టేవాళ్లు అరుదు.

ప్యాకేజీలో ఏముంటుంది

అసలు సాఫ్ట్‌వేరు రాసినవాళ్లను అప్‌స్ట్రీమ్ అంటారు. వాళ్లు ఇచ్చిన మూలానికి (సోర్సు కోడుకు) మెయింటెయినరు ‘డెబియన్’ అనే ఒక ఫోల్డరు కలుపుతారు. అందులోని కంట్రోల్ ఫైలులో ప్యాకేజీ పేరు, దానికి కావలసిన ఇతర ప్యాకేజీలు, బాధ్యుల వివరాలు ఉంటాయి. రూల్స్ ఫైలు దాన్ని ఎలా కట్టాలో చెబుతుంది. ఛేంజ్‌లాగ్‌లో ప్రతి మార్పుకూ ఒక నమోదు ఉంటుంది, వెర్షన్ సంఖ్య కూడా అక్కడి నుంచే వస్తుంది. 1.2-3 అని ఉంటే గీతకు ముందున్నది అప్‌స్ట్రీమ్ వెర్షన్, తర్వాతది డెబియన్ సవరణ సంఖ్య. మెయింటెయినరు కాని వ్యక్తి సరిచేసి ఎక్కిస్తే అది 1.2-3.1 అవుతుంది. కాపీరైట్ ఫైలులో మూలంలోని ప్రతి ఫైలుకూ లైసెన్సు చెప్పాలి. వాచ్ ఫైలు ఉంటే యుస్కాన్ అనే పరికరం కొత్త వెర్షన్ వచ్చిందో లేదో చూసి దించుకుంటుంది.

తెలుగుకు సంబంధించి డెబియన్‌లో ఇప్పటికే ఉన్నవి తక్కువేమీ కాదు. లోహిత్ తెలుగు ఒక ప్యాకేజీ. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు ‘ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా’లో ఉన్నాయి. నోటో ఫాంట్లు వేరుగా ఉన్నాయి. ‘ఫాంట్స్-ఇండిక్’ అనే మెటా ప్యాకేజీ ఒక్కటి వేస్తే తెలుగు, ఒడియా, దేవనాగరితో సహా ప్రధాన భారతీయ లిపుల ఫాంట్లు దిగుతాయి. సరిహద్దు ఊళ్ల కంప్యూటర్లలో మొదట వేయాల్సింది ఇదే. తెలుగు భాష ఎంచుకుని ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన ఒడియా ఫాంట్లు కూడా వచ్చేస్తాయని అనుకోకూడదు. టైపింగుకు ఐబస్-ఎం17ఎన్‌లో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన పద్ధతులు ఉన్నాయి. స్కాన్ చేసిన కాగితాన్ని అక్షరాలుగా మార్చే టెసరాక్ట్‌కు తెలుగు, ఒడియా, మరాఠీ మూడింటికీ వేర్వేరు ప్యాకేజీలు ఉన్నాయి.

ఫాంటు ప్యాకేజీ అంటే టీటీఎఫ్ అనే ఫాంటు ఫైలును ఒక డబ్బాలో పెట్టి ఇవ్వడమేగా అనిపిస్తుంది. డెబియన్‌లో అది చాలదు. సవరించడానికి వీలైన మూలం ఉండాలి, టీటీఎఫ్‌ను ఆ మూలం నుంచే కట్టగలగాలి. తెలుగు ఫాంట్లలో ఎక్కువ చిక్కులు ఇక్కడే వస్తాయి. చాలా పాత ఫాంట్ల మూలం ఫాంట్లు గీసే ఫాంట్‌ఫోర్జ్ సాఫ్ట్‌వేరు ఫైలుగా ఉంటుంది. దాన్ని టీటీఎఫ్‌గా మార్చే స్క్రిప్టు పైథాన్ 2లో రాసి ఉంటుంది. పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది, తర్వాత డెబియన్ దాన్ని తీసేసింది. ఫాంటులో ఏ మార్పూ లేకపోయినా ప్యాకేజీ కట్టుబడి కాకుండా పోతుంది. సాధారణంగా ఆ స్క్రిప్టులో ప్రింట్ వరుసలకు బ్రాకెట్లు పెట్టడం, స్ట్రింగులను బైట్లుగా కాక యూనికోడ్‌గా చదివించడం చేస్తే బాగవుతుంది. ఒక సాయంత్రం పని. చేసేవాళ్లు లేక సంవత్సరాలు ఆగిపోతుంది.

ఇంకో చిక్కు కాలముద్రది. ఒకే మూలం నుంచి ఎవరు ఎక్కడ కట్టినా బైటు తేడా లేకుండా ఒకే ఫైలు రావాలని డెబియన్ పట్టుబడుతుంది. ఫాంట్‌ఫోర్జ్ తన ఫైలులో కట్టిన సమయాన్ని రాసేస్తుంది, హెడ్ టేబుల్లో ఒకసారి, తన సొంత ఎఫ్‌ఎఫ్‌టీఎం టేబుల్లో మరోసారి. ఛేంజ్‌లాగ్‌లోని తేదీనే కట్టిన తేదీగా తీసుకునేలా ‘సోర్స్ డేట్ ఎపాక్’ విలువను అందిస్తే ఈ తేడా పోతుంది.

ఇంత పట్టుదల ఎందుకో 2024 మార్చి 29న లోకానికంతటికీ తెలిసింది. ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాఫ్ట్‌వేరు 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగ తలుపు పెట్టారని ఆండ్రెస్ ఫ్రాయిండ్ ఆ రోజున బయటపెట్టారు. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందన్న చిన్న అనుమానమే ఆయన్ను అక్కడికి తీసుకెళ్లింది. దొంగ కోడు పరీక్షల కోసం పెట్టినట్టు కనిపించే బైనరీ ఫైళ్లలో దాగి ఉంది. దాన్ని లేపే ముక్క గిట్‌లో (కోడు మార్పుల చరిత్ర దాచే చోట) లేదు, విడుదల టార్‌బాల్‌లో (విడుదలకు కట్టిన మూటలో) మాత్రమే ఉంది. ఆ ప్రాజెక్టును ఏళ్ల తరబడి ఒక్క మనిషే నడుపుతూ అలసిపోయారు. త్వరగా కొత్త వెర్షన్ ఎక్కించమని డెబియన్ వాళ్ల మీదా ఒత్తిడి వచ్చింది. డెబియన్‌లో కొత్త ప్యాకేజీ మొదట అన్‌స్టేబుల్‌లోకి, అక్కడి నుంచి టెస్టింగ్‌కు, చివరికి అందరూ వాడే స్థిర విడుదలలోకి చేరుతుంది. స్థిర విడుదల వాడేవాళ్లకు ఏమీ కాలేదు, టెస్టింగ్, అన్‌స్టేబుల్ వాడినవాళ్లకు మాత్రం ఆ వెర్షన్ చేరింది. ఫాంటు కూడా బైనరీ ఫైలే. ఎవరో మెయిల్లో పంపిన టీటీఎఫ్‌ను అలాగే ప్యాకేజీలో పెట్టకూడదు. విడుదల టార్‌బాల్‌ను గిట్ ట్యాగుతో ఒకసారి పోల్చి చూడటం మెయింటెయినరుకు అలవాటుగా ఉండాలి.

తప్పు ఎక్కడుందో తేల్చడం

‘స్త్రీ’ అనే మాట తీసుకుందాం. యూనికోడ్‌లో ఇది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుడి. తెర మీద మాత్రం ఈ ఆరూ కలిసి, సకారం మీద గుడి, కింద తవత్తు, దాని పక్కన రవత్తు కావాలి. తప్పు జరిగితే మూడు రకాలుగా కనిపిస్తుంది. మూడు అక్షరాలూ పొల్లులతో విడివిడిగా పడతాయి, లేదా మధ్యలో చుక్కల వలయం వస్తుంది, లేదా రెండు వత్తులూ ఒకదాని మీద ఒకటి ఎక్కి మసకగా అచ్చవుతాయి.

లిబ్‌హార్ఫ్‌బజ్-బిన్ ప్యాకేజీలో హెచ్‌బీ-వ్యూ, హెచ్‌బీ-షేప్ అని రెండు పరికరాలు ఉంటాయి. ఫాంటు ఫైలు పేరూ, మాటా ఇస్తే మొదటిది బొమ్మగా చూపిస్తుంది, రెండోది ఏ గ్లిఫ్‌లు (ఫాంటులోని అక్షర రూపాలు) ఏ వరుసలో పడ్డాయో పేర్లతో చెబుతుంది. ఒక ఫాంటులో తప్పు పడి, ఇంకో ఫాంటులో సరిగా వస్తే దోషం ఫాంటుదే. అన్ని ఫాంట్లలోనూ తప్పే వస్తే టైపు చేసిన సంకేతాలే తప్పు, లేదా అక్షరాలు పేర్చే హార్ఫ్‌బజ్‌లో సమస్య ఉంది. హెచ్‌బీ-వ్యూలో బాగా వచ్చి ఆఫీసు సాఫ్ట్‌వేరులో చెడితే దోషం ఆ సాఫ్ట్‌వేరుది. లిబ్రెఆఫీస్ 2017లో వచ్చిన 5.3 నుంచి అన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీదా హార్ఫ్‌బజ్‌నే వాడుతోంది కాబట్టి అక్కడ ఇలాంటి తేడాలు బాగా తగ్గాయి. టెర్మినల్లో తెలుగు విరిగి కనిపిస్తే అది ఫాంటు తప్పని బగ్గు రాయకూడదు, చాలా టెర్మినళ్లు వత్తులను పేర్చే పనే చేయవు.

‘సాఫ్ట్‌వేర్’ మరో మంచి పరీక్ష. ట్ తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటేనే పొల్లు నిలుస్తుంది, లేకపోతే వకారం వత్తై కిందికి దిగుతుంది. రెండు రకాలుగానూ టైపు చేసి చూడాలి. రెండూ ఒకేలా కనిపిస్తే ఫాంటుకో, లైబ్రరీకో ఆ గుర్తు అర్థం కాలేదన్నమాట. ‘లక్ష్మి’, ‘సామర్థ్యం’, బండి ఱ, తెలుగు అంకెలు, 2021లో యూనికోడ్ 14తో చేరిన నకారపు పొల్లు కూడా పరీక్ష జాబితాలో ఉండాలి. రూపాయి గుర్తు యూనికోడ్‌లోకి 2010లో వచ్చింది. అంతకుముందే పని ఆగిపోయిన ఫాంటులో అది ఉండదు. బిల్లులో ఆ ఒక్క గుర్తు వేరే ఫాంటులో పడి ఎబ్బెట్టుగా కనిపిస్తుంది.

రెండు లిపులు తెలిసినవాళ్ల విలువ ఇక్కడ తెలుస్తుంది. ఒడియా వాక్యం చివర పెట్టే దండ యూనికోడ్‌లో దేవనాగరి విభాగంలో ఉంది, భారతీయ లిపులు చాలావరకు దాన్నే పంచుకుంటాయి. ఒడియా ఫాంటు చేసినవాళ్లు ఆ గీతను కూడా గీసి పెట్టకపోతే సిస్టమ్ దాన్ని ఏదో దేవనాగరి ఫాంటు నుంచి తెస్తుంది. ఒక్క గీత పొడవు మారుతుంది. ఒడియా చదవనివాళ్లకు అది కనిపించదు. ఒడియాలో డకారం కింద చుక్క ఉన్న అక్షరాన్ని కూడా రెండు రకాలుగా నిల్వ చేయవచ్చు, ఒకే సంకేతంగా గానీ, డకారం, చుక్క అని రెండుగా గానీ. యూనికోడ్ ప్రామాణిక రూపం రెండుగా విడదీసినదే. చూడటానికి రెండూ ఒకటే, వెతికితే ఒకటి దొరికి ఇంకోటి దొరకదు. ఆ రాష్ట్రం పేరులోనే ఈ అక్షరం ఉంది కాబట్టి చిరునామాల జాబితాలు చేసేవాళ్లకు ఇది రోజూ తగిలే సమస్య. కీబోర్డు పట్టికల ప్యాకేజీకి ఇది రాసి పంపాల్సిన విషయం.

తెలుగు, ఒడియా ఒకే వరుసలో ఉన్నప్పుడు ఎత్తులు చూడాలి. తెలుగుకు కింద రెండు వత్తుల చోటు కావాలి. ఫాంటులో కిందిభాగానికి కేటాయించిన కొలత (డిసెంట్) తక్కువ ఉంటే బటన్ల మీద, పట్టికల గడుల్లో వత్తుల కిందిభాగం తెగిపోతుంది. ఎక్కువ పెడితే వరుసల మధ్య ఖాళీ పెరిగిపోతుంది.

ఏ భాషకు ఏ ఫాంటు వాడాలో చెప్పే ఫాంట్‌కాన్ఫిగ్ ఫైలు కూడా తరచుగా చెడగొడుతుంది. తెలుగుకు ఈ ఫాంటు ముందు చూడు అని చెప్పాల్సిన చోట భాష షరతు పెట్టడం మరిచిపోతే ఆ ఫాంటు అన్ని భాషలకూ ముందుకొస్తుంది. దాంతో మొత్తం డెస్క్‌టాప్‌లో ఇంగ్లీషు అక్షరాలు కూడా ఆ తెలుగు ఫాంటులోని లాటిన్ రూపాల్లో పడతాయి. ఎఫ్‌సీ-మ్యాచ్‌కు భాష కోడు ఇచ్చి తెలుగుకు, ఒడియాకు, ఇంగ్లీషుకు విడివిడిగా అడిగితే ఏ ఫాంటు ఎంపికవుతోందో తెలిసిపోతుంది.

బగ్గు రాయడం, దిద్ది పంపడం

డెబియన్ బగ్గుల వ్యవస్థ పూర్తిగా ఈమెయిల్ మీద నడుస్తుంది, ఖాతా అక్కర్లేదు. నెట్ లేనప్పుడు మెయిల్ రాసి పెట్టుకుని సిగ్నల్ వచ్చినప్పుడు పంపవచ్చు. జయపురం దాటి కొండల్లోకి వెళ్లినవాళ్లకు ఇది చిన్న సౌకర్యమేమీ కాదు. మెయిల్ సాదా టెక్స్ట్‌లో ఉండాలి. మొదటి వరుసలో ప్యాకేజీ పేరు, రెండో వరుసలో వెర్షన్, ఇంగ్లీషులో నిర్ణీత రూపంలో ఉండాలి. అంతకుముందు నమస్కారం కూడా రాయకూడదు, రాస్తే ఆ బగ్గు ఏ ప్యాకేజీదో వ్యవస్థకు తెలియదు. రిపోర్ట్‌బగ్ అనే పరికరం ఈ వరుసలను తానే నింపుతుంది. ఒక్క స్క్రీన్‌షాట్ పెట్టి ‘తెలుగు సరిగా రావడం లేదు’ అంటే స్పెయిన్‌లోనో జపాన్‌లోనో ఉన్న మెయింటెయినరు ఏమీ చేయలేరు. మాట, దాని యూనికోడ్ సంకేతాలు, ఫాంటు పేరు, హెచ్‌బీ-షేప్ ఇచ్చిన వరుస, సరిగా ఎలా ఉండాలో చూపే బొమ్మ ఈ అయిదూ కలిపితే తెలుగు అక్షరం ముక్క రానివాళ్లు కూడా దిద్దగలరు.

దిద్దడం వచ్చినవాళ్లు ఆప్ట్‌తో మూలం దించుకుని, క్విల్ట్‌తో ప్యాచి (మార్పులు మాత్రమే ఉండే ఫైలు) చేసి, డీసీహెచ్‌తో ఛేంజ్‌లాగ్ నమోదు రాసి, ఎస్‌బిల్డ్‌తో శుభ్రమైన చోట కట్టాలి. సొంత కంప్యూటరులో నేరుగా కడితే అప్పటికే ఉన్న ఏదో ప్యాకేజీ చాటుగా సాయం చేస్తుంది, డెబియన్ సర్వర్లలో మాత్రం కట్టుబడి విఫలమవుతుంది. తర్వాత ప్యాకేజీలో తప్పులు వెతికే లింటియన్ నడిపి హెచ్చరికలు చూడాలి. ప్రతి హెచ్చరికనూ నోరు మూయించడమే పని అనుకోకూడదు. 2006లో మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ అనే పరికరం ఇచ్చే హెచ్చరికలు పోగొట్టడానికి డెబియన్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే గుప్తీకరణ సాఫ్ట్‌వేరు నుంచి రెండు వరుసలు తీసేశారు. దాంతో తయారయ్యే తాళాల (కీల) యాదృచ్ఛికత ప్రాసెస్ సంఖ్య మీదికి పడిపోయింది. ఒక్కో రకం యంత్రానికి, ఒక్కో తాళం పొడవుకు 32,767 తాళాలే సాధ్యమయ్యే పరిస్థితి వచ్చింది. అది 2008 మే 13న బయటపడేదాకా అలాగే నడిచింది. అందుకే అప్‌స్ట్రీమ్‌కు చెప్పకుండా ప్యాచి పెట్టడం మంచిది కాదు. ప్రతి ప్యాచి తలమీద దేనికి, ఎవరికి పంపాం అన్నది రాయడం మంచి పద్ధతి. ఫాంట్లకు ఇంకో కారణం కూడా ఉంది. ఓపెన్ ఫాంట్ లైసెన్సులో పేరును ప్రత్యేకించుకున్న ఫాంటును మార్చితే ఆ పేరుతో పంచకూడదు. కాబట్టి పేరు మార్చకుండా గ్లిఫ్ దిద్దాలంటే దారి అప్‌స్ట్రీమ్ ద్వారానే.

అప్‌లోడ్ హక్కు లేనివాళ్లు సిద్ధమైన ప్యాకేజీని మెంటర్స్ సర్వరులో పెట్టి, స్పాన్సర్ కోసం ఒక బగ్గు తెరుస్తారు. స్పాన్సర్ చూసి తన సంతకంతో ఎక్కిస్తారు. పూర్తిగా కొత్త ప్యాకేజీ అయితే ‘న్యూ’ వరుసలో ఆగుతుంది, అక్కడ ప్రతి ఫైలు లైసెన్సూ పరిశీలిస్తారు. డీటీపీ సెంటర్లలో చేతులు మారే ఫాంట్లు ఇక్కడ దాటవు, ‘ఉచితంగా వాడుకోండి’ అన్న మాట లైసెన్సు కాదు. కొత్తవాళ్లను గందరగోళపెట్టే నియమం ఒకటుంది. న్యూ వరుసకు కట్టిన బైనరీతో సహా పంపాలి, కానీ మెయింటెయినరు కంప్యూటరులో కట్టిన బైనరీ టెస్టింగ్‌లోకి వెళ్లదు. అందుకే ఆమోదం వచ్చాక మూలం మాత్రమే ఉన్న రెండో అప్‌లోడ్ చేయాలి. ఇది తెలియక ప్యాకేజీ అన్‌స్టేబుల్‌లోనే ఉండిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. మామూలు ప్యాకేజీ అయితే అయిదు రోజుల్లో టెస్టింగ్‌కు వెళుతుంది. దానికి ఆటోపీకేజీటెస్ట్ (తనంతట తానే నడిచే పరీక్ష) ఉండి అది నెగ్గితే గడువు ఇంకా తగ్గుతుంది. ఆ పరీక్షకు, పైన చెప్పిన మాటల జాబితాను హెచ్‌బీ-షేప్‌కు ఇచ్చి, ఫలితంలో నాట్‌డెఫ్ (ఫాంటులో ఆ అక్షరం లేదనే గుర్తు) గానీ చుక్కల వలయం గానీ వస్తే విఫలమయ్యే పది పదిహేను వరుసల స్క్రిప్టు చాలు. తెలుగు, ఒడియా ఫాంట్లకు ఎవరైనా చేయదగ్గ అత్యంత విలువైన చిన్న పని ఇదేనని చెప్పవచ్చు.

నేరుగా అప్‌లోడ్ హక్కు కావాలంటే మామూలుగా సంతకాలకు వాడే ఓపెన్‌పీజీపీ తాళాన్ని ఇప్పటికే ఉన్న డెవలపర్లు మనిషిని చూసి సంతకం చేయాలి. కొరాపుట్ నుంచైనా సిరొంచ నుంచైనా దానికి చాలాసార్లు పెద్ద నగరానికి పోవాల్సి రావచ్చు. 2023 సెప్టెంబరులో డెబ్‌కాన్ఫ్ కొచ్చిలో జరిగినప్పుడు ఇలాంటి సంతకాలకు మంచి వీలు దొరికింది. అంతదాకా స్పాన్సర్‌తోనే పని సాగుతుంది, సాగనివ్వాలి కూడా.

చూసేవాళ్లు లేని ప్యాకేజీని అనాథగా ప్రకటిస్తారు. మెయింటెయినరు పేరు ఉండి మనిషి పలకకపోతే దాన్ని స్వీకరించే పద్ధతి ఉంది. ఉద్దేశం తెలుపుతూ బగ్గు తెరిచి 21 రోజులు ఆగాలి. అభ్యంతరం రాకపోతే కనీసం 7 రోజుల ఆలస్యంతో అప్‌లోడ్ చేయాలి. ఆ ఏడు రోజుల్లో పాత మెయింటెయినరు ఎప్పుడైనా ఆపవచ్చు. తీవ్రమైన బగ్గు పడి ఎవరూ పట్టించుకోని ప్యాకేజీని టెస్టింగ్ నుంచి యంత్రమే తీసేస్తుంది. ఎక్కువమంది వాడే ప్యాకేజీలకు ఇందులో మినహాయింపు ఉంది, ఆ లెక్క కొంత పాపులారిటీ కాంటెస్ట్ (ఏ ప్యాకేజీ ఎన్ని కంప్యూటర్లలో ఉందో లెక్కించే ఏర్పాటు) ద్వారా వస్తుంది. ఇన్‌స్టాల్ సమయంలో దానికి చాలామంది వద్దనే అంటారు. భారతీయ భాషల ప్యాకేజీలు వాడేవాళ్లు మాత్రం అవునని చెప్పడం మంచిది.

డేటా ఖర్చు భయపడేంత ఉండదు. ఫాంటు మూలం చిన్నది. అన్‌స్టేబుల్‌లో ప్యాకేజీల జాబితా రోజుకు నాలుగు సార్లు మారినా తేడాలు మాత్రమే దించుకునే ఏర్పాటు ఉంది. నలుగురు కలిసి పనిచేసే చోట ఒక కంప్యూటరులో ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ పెడితే ఒకసారి దిగిన ప్యాకేజీ అందరికీ పనికొస్తుంది. పాత 32 బిట్ కంప్యూటర్లున్న బడులు మాత్రం ఒకటి గమనించాలి. డెబియన్ 13లో వాటికి ఇన్‌స్టాలరూ లేదు, కెర్నలూ లేదు. అవి 12 దగ్గరే ఉండాలి.

సమయం లెక్క ముందే వేసుకోవాలి. స్థిర విడుదలలు 2021 ఆగస్టు, 2023 జూన్, 2025 ఆగస్టు, అంటే సుమారు రెండేళ్లకొకటి. దానికి కొన్ని నెలల ముందు ఫ్రీజ్ మొదలై కొత్త వెర్షన్లు ఆగిపోతాయి. ఇప్పుడు దొరికిన వత్తు తప్పు ఫ్రీజ్ లోపు అన్‌స్టేబుల్‌లో చేరకపోతే మామూలు వాడుకరికి ఇంకో రెండేళ్లు అందదు. మధ్యలో వచ్చే పాయింట్ విడుదలల్లో ముఖ్యమైన దిద్దుబాట్లకే చోటిస్తారు. మాట చదవలేనంత చెడిన తప్పయితే అడిగి చూడవచ్చు, వత్తు కొంచెం పక్కకు జరగడం లాంటిదయితే ఒప్పుకోరు. తొందరగా కావాలనుకునేవాళ్లు దిద్దిన టీటీఎఫ్‌ను హోమ్ ఫోల్డరులోని .local/share/fonts లో పెట్టుకోవచ్చు. అయితే ప్యాకేజీ బాగుపడ్డాక ఆ కాపీని తీసేయాలి, లేకపోతే ఒకే పేరున్న రెండు ఫాంట్లలో సొంత ఫోల్డరులోనిదే ఎంపికై, తర్వాత వచ్చే దిద్దుబాట్లేవీ తెర మీదికి రాకపోవచ్చు.